వీడియో ఏ టైముకి పెట్టాలి? ముందు అది ఆకుకూరో, ఊరగాయో చూసుకోండి

విజయవాడ గవర్నరుపేటలో నాకో చిన్న ఎడిటింగ్ గది ఉంది. పెళ్లి వీడియోలతో మొదలుపెట్టాను, ఇప్పుడు ఎక్కువగా యూట్యూబ్ ఛానళ్ల పనే. ఎడిటింగ్ పూర్తయి ఫైలు చేతికిచ్చేటప్పుడు దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: "ఏ టైముకి పెడితే ఎక్కువమంది చూస్తారు?" సాయంత్రం ఆరింటికని కొందరు, ఆదివారం పొద్దున్నే అని కొందరు, రాత్రి తొమ్మిది దాటాక అని ఇంకొందరు ఎక్కడో విని వస్తారు. నేను కూడా చాలాకాలం అందరికీ "సాయంత్రం ఆరు" అనే చెప్పాను. ఆ సలహా అందరికీ పనికిరాదని మా పిన్ని వల్ల తెలిసింది.

పిన్నిది గుణదల. వంటల ఛానల్ పెట్టుకుంది. ఒకరోజు ఫోన్ చేసి, "ఏరా, నువ్వు చెప్పినట్టే ఆరింటికి పెట్టాను. రాత్రి పదైనా ఎవరూ చూడలేదు. నా వంట బాగాలేదంటావా?" అంది. గొంతులో దిగులు వినపడింది. మర్నాడు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాయి, అంట్లు తోముకుంది, వంటింటి గట్టు తుడిచింది. పోపుల డబ్బాకి ఫోన్ ఆనించి, ఇంకెవరిదో వంట వీడియో పెట్టుకుని, రాత్రికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది.

"పిన్నీ, నువ్వు రోజూ ఇదే టైములో చూస్తావా?" అన్నాను.

"మరి సాయంత్రం ఎక్కడ కుదురుతుందిరా? ఆరింటికి టిఫిను, ఏడింటికి మీ బాబాయి రావడం, ఆ తర్వాత వంట."

ఆమె వీడియోలు చూసేవాళ్లలో ఎక్కువమంది ఆమెలాంటి ఇల్లాళ్లే. మేము పెడుతున్న ఆరు గంటల వేళకి వాళ్ల చేతులు ఖాళీగా ఉండవు. ఆ రోజు నుంచి ఎవరైనా టైము అడిగితే ముందు రెండు ప్రశ్నలు వేస్తున్నాను. మీ వీడియో ఎన్నాళ్లు నిలవుంటుంది? మీవాళ్ల చేతులు ఎప్పుడు ఖాళీ అవుతాయి? మొదటిది రెండోదానికన్నా చాలా ముఖ్యం.

ఆకుకూర వీడియో, ఊరగాయ వీడియో

రైతుబజారులో పొద్దున కొన్న తోటకూర సాయంత్రానికి వాడిపోతుంది. జాడీలో పెట్టిన ఆవకాయ ఏడాది పొడుగునా ఉంటుంది. వీడియోలూ అంతే.

గుంటూరు మిర్చి యార్డులో ఈరోజు తేజ రకం మిర్చి ధర ఎంత, ఇంటర్ ఫలితాలు ఎప్పుడు, నిన్నటి మ్యాచ్ ఎలా జరిగింది, కొత్త సినిమా ఎలా ఉంది, ఇవన్నీ ఆకుకూర. పెట్టిన కొద్ది గంటల్లో చూస్తే చూసినట్టు, లేదంటే రేపటికి ఎవరికీ అక్కర్లేదు. వీటికి గంట ముఖ్యం, కొన్నిసార్లు నిమిషం కూడా ముఖ్యమే.

గోంగూర పచ్చడి ఎలా చేయాలి, కుట్టుమిషన్‌లో దారం తెగుతుంటే ఏం చూడాలి, భిన్నాల లెక్కలు ఎలా చేయాలి, ఇవి ఊరగాయ. మంగళవారం పొద్దున పెట్టినా, గురువారం రాత్రి పెట్టినా ఆరు నెలల తర్వాత లెక్క చూస్తే పెద్ద తేడా ఉండదు. యూట్యూబ్ తన సహాయ పేజీల్లో కూడా ఇదే చెప్తుంది: వీడియో పెట్టిన సమయం దాని దీర్ఘకాలపు ఫలితాన్ని నేరుగా మారుస్తుందని తేలలేదు, లైవ్‌కీ, అందరూ ఒకే టైముకి కలిసి చూసేలా పెట్టే ప్రీమియర్‌కీ మాత్రం చూసేవాళ్లు ఎప్పుడు ఉంటారో తెలుసుకోవడం ఉపయోగపడుతుంది అని. కాబట్టి మీది ఊరగాయ రకమైతే గంట కోసం టెన్షన్ పడొద్దు. ఆ శ్రద్ధని శీర్షిక మీద, థంబ్‌నెయిల్ మీద, మొదటి అర నిమిషం మీద పెట్టండి.

మీది ఏ రకమో అనుమానంగా ఉంటే ఛానల్ లెక్కలు చూపించే యూట్యూబ్ స్టూడియోలో పాత వీడియో ఒకటి తెరిచి ట్రాఫిక్ సోర్స్ చూడండి. చూసినవాళ్లు ఎక్కువగా యూట్యూబ్ సెర్చ్ నుంచి వస్తుంటే ఊరగాయే. నోటిఫికేషన్ల నుంచో, హోమ్ పేజీ నుంచో మొదటి రెండు రోజుల్లోనే వచ్చి ఆగిపోతే ఆకుకూర.

ఒకే పండగ రెండు రకాలనూ ఇస్తుంది. దసరాకి ఇంద్రకీలాద్రి మీద మూలా నక్షత్రం రోజున అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిస్తుంది. ఆ రోజు క్యూలైన్ ఎక్కడిదాకా ఉంది, వాహనాలు ఎక్కడ ఆపుతున్నారు అనే వీడియో ఆకుకూర. తీసిన గంటలోపే పెట్టాలి, అవసరమైతే ఎడిటింగ్ కూడా మానేసి పెట్టాలి. అదే నవరాత్రుల్లో ఏ రోజు ఏ నైవేద్యం, ఎలా చేయాలి అనే వీడియో ఊరగాయ. అది పండగకి పది రోజుల ముందే ఛానల్లో ఉండాలి.

ఊరగాయకి గంట అక్కర్లేదు, నెల కావాలి

చాలామంది నష్టపోయేది ఇక్కడే, అందుకే ఇంకొంచెం చెప్తాను. పిన్ని మొదటి ఏడాది ఆవకాయ వీడియో తను ఆవకాయ పెట్టిన రోజునే తీసింది. మేం ఎడిట్ చేసి పైకి పెట్టేసరికి మే నెల మూడో వారం. అప్పటికి చాలా ఇళ్లలో జాడీలకి వాసెన కట్టేశారు. మామిడికాయ ముక్కలు కొట్టించుకున్నాక "ఎన్ని కాయలకి ఎంత కారం" అని ఎవరు వెతుకుతారు? కొనకముందే వెతుకుతారు.

మన ఇళ్లలో పనులు జరిగే వరస చూడండి. కొత్త మిరపకాయలు మార్కెట్లోకి వచ్చాక, మార్చి, ఏప్రిల్ ఎండల్లో ఎండబెట్టి కారం పట్టిస్తారు. ఆ తర్వాత ఆవపిండి. నున్న మామిడి మార్కెట్ కళకళలాడే రోజుల్లో పచ్చడి కాయలు. తొలకరి పడకముందే జాడీలు అటక మీదికి చేరాలి. అంటే కారం గురించిన వీడియో ఫిబ్రవరి చివరికల్లా, ఆవకాయది ఏప్రిల్ మొదటి వారానికల్లా సిద్ధంగా ఉండాలి. అరిసెలు, సకినాలు, జంతికలు డిసెంబరు మూడో వారానికల్లా, ధనుర్మాసం మొదలయ్యేసరికి. వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం కాబట్టి పూజ వీడియో దానికి కనీసం వారం ముందు. అప్పుడే కలశానికి, తోరాలకి ఏమేం కొనాలో చూసుకుని బజారుకి వెళ్లగలుగుతారు.

మరి ఏప్రిల్ మొదట్లో పచ్చడి కాయ ఇంకా సరిగా దొరకనప్పుడు వీడియో ఎలా తీయాలి? రెండు దారులు. ఒకటి, ఈ ఏడాది మేలో తీసినదాన్ని దాచి వచ్చే ఏప్రిల్లో పెట్టడం. రెండోది, ఆలస్యమైనా ఈ ఏడాదే పెట్టేసి, వచ్చే ఏడాది సీజనుకి ముందు దాని శీర్షిక, థంబ్‌నెయిల్ బాగుచేయడం. నేను రెండోదే చేయిస్తాను. దాచిన వీడియో ఏడాదంతా ఒక్కరికీ పనికిరాదు. పెట్టిన వీడియోకి ఈలోగా వ్యాఖ్యలు వస్తాయి, "ఉప్పు ఎంతో చెప్పలేదు" లాంటి లోపాలు తెలుస్తాయి, వాటిని వివరణలో చేర్చొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: పాతదాన్ని తీసేసి అదే ఫైలు మళ్లీ అప్‌లోడ్ చేయకండి. యూట్యూబ్‌లో ఫైలు మార్చే వీలు లేదు. తీసేస్తే దాని వ్యూస్, వ్యాఖ్యలు, అన్నీ పోయినట్టే.

చదువుల వీడియోలకీ ఇదే లెక్క. పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉంటే, ముఖ్యమైన ప్రశ్నల వీడియో ముందురోజు రాత్రి పెట్టడం పిల్లలకి మేలు చేయదు, కంగారు పెంచుతుంది. జనవరిలో పెట్టండి. ఇంకో సంగతి. విజయవాడ, గుంటూరు చుట్టూ హాస్టళ్లలో ఉండి ఇంటర్ చదివే పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది దగ్గర ఫోన్ ఉండదు. ఇంటికొచ్చినప్పుడో, ఔటింగ్ రోజునో అమ్మ ఫోన్ తీసుకుని చూస్తారు. వాళ్లని ఉద్దేశించి చేసే పాఠాన్ని బుధవారం సాయంత్రం ఐదింటికా ఆరింటికా అని కొట్టుకోవడంలో అర్థం లేదు. అధ్యాయం పేరు, పాఠం పేరు శీర్షికలో స్పష్టంగా ఉంటే ఫోన్ చేతికొచ్చిన రోజున వెతికినప్పుడు దొరుకుతుంది.

ఆకుకూర అమ్మేవాళ్లకి గంటల లెక్క

గుంటూరులో మా బావ కమీషన్ దుకాణంలో గుమస్తా. మిర్చి ధరలు చెప్పే ఛానల్ నడుపుతాడు. మొదట్లో రోజంతా పని చూసుకుని, రాత్రి ఎనిమిదింటికి తీరిగ్గా వీడియో పెట్టేవాడు. "జనం ఖాళీగా ఉండేది అప్పుడే కదా" అనేవాడు. నిజమే, ఖాళీగానే ఉంటారు. కానీ రైతుకి ఆ కబురు కావలసింది అంతకుముందు. పల్నాడులోనో ప్రకాశంలోనో ఉన్న రైతు రేపటి మార్కెట్‌కి టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అని తేల్చుకునేది మధ్యాహ్నమే. సాయంత్రానికి లారీ మాట్లాడుకోవాలి, మూటలు కుట్టాలి, హమాలీలని పిలవాలి. రాత్రి ఎనిమిదింటికి ధర చెప్తే అప్పటికి లారీ ఊరు దాటుతుంది.

"బావా, పొద్దున బేరాలు తేలగానే యార్డులోనే నిలబడి మూడు నిమిషాలు చెప్పెయ్యి. నీట్‌గా లేకపోయినా ఫర్వాలేదు" అన్నాను. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటలోపు పెడుతున్నాడు. తేజ, 334, బ్యాడిగి, తాలు అనే మిర్చి రకాల్లో ఒక్కోదానికి కనిష్ఠం, గరిష్ఠం, వచ్చిన టిక్కీలెన్ని, అంతే. శని, ఆదివారాలు యార్డుకి సెలవు కాబట్టి శనివారం వారమంతటి ధరల మీద ఒక పెద్ద వీడియో చేస్తాడు. అది సగం ఆకుకూర, సగం ఊరగాయ. దానికి సాయంత్రం ఏడు బాగానే సరిపోయింది, ఎందుకంటే శనివారం రైతుకి లారీ తొందర లేదు. మేలో యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు ధరల వీడియోలు ఆపి, నారు, విత్తనం, తెగుళ్ల మీద ఊరగాయలు చేసుకుంటాడు.

ఇలాంటి వార్తల రకం వీడియో చేసేవాళ్లకి ఒక విన్నపం. మొదటి వాక్యంలోనే తేదీ, టైము చెప్పండి. శీర్షికలో కూడా రాయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు మా బంధువులు మేడ మీద కూర్చుని ఫోన్లలో వీడియోలు చూస్తూ, నీళ్లు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని తెలుసుకోవాలని చూశారు. ఏ వీడియో పొద్దుటిదో, ఏది నిన్నటిదో చాలావాటిలో తెలియలేదు. పడవ ఏ వీధికి వచ్చిందో చెప్పే వీడియో నాలుగు గంటల పాతదైతే దాన్ని నమ్మినవాళ్లు ఇబ్బంది పడతారు. అలాంటి రోజున ఏ టైముకి పెడితే వ్యూస్ వస్తాయన్న ఆలోచనే రాకూడదు. తెలిసిన వెంటనే పెట్టాలి, పరిస్థితి మారగానే పాతది తీసేయాలి.

రోజులో ఏ పూట ఎవరిది

ఇక గంటలు పోల్చి చూద్దాం. ఇవి మా చుట్టుపక్కల ఛానళ్లతో పనిచేసి నేను గమనించినవి. మీ ఛానల్ లెక్క వేరుగా ఉంటే దాన్నే నమ్మండి.

తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు దాకా భక్తి, నడక, ఆరోగ్యం. లేవగానే ఫోన్ చూసే పెద్దవాళ్లు వాట్సాప్‌లో పదిమందికి పంపేది కూడా ఈ పూటే. శుక్రవారం అమ్మవారి స్తోత్రం పెట్టాలంటే శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పెట్టి లాభం లేదు, అప్పటికి పూజలైపోతాయి. గురువారం రాత్రే పెట్టేయండి.

ఎనిమిది నుంచి పది దాకా గుంటూరు రైళ్లలో, కాలేజీ బస్సుల్లో ఉండేవాళ్లు ఉంటారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చిన్నవే చూస్తారు. ఇరవై నిమిషాల వీడియోకి ఈ పూట సరికాదు.

మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు దాకా ఇల్లాళ్లది, షాపుల్లో కూర్చునేవాళ్లది. బీసెంట్ రోడ్డులో మధ్యాహ్నం పూట బట్టల షాపుల ముందు నడిస్తే కౌంటర్ల వెనక ఫోన్ల వెలుగు కనిపిస్తుంది. వంట, కుట్టు, చీరలు, ఇంటి చిట్కాలు ఈ పూట బాగా నడుస్తాయి. పోటీ కూడా తక్కువ. సలహాలిచ్చేవాళ్లు ఈ పూటని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా జనం ఎక్కువే, పెట్టేవాళ్లు అంతకన్నా ఎక్కువ. పెద్ద పెద్ద ఛానళ్లన్నీ అప్పుడే పెడతాయి. ఐపీఎల్ రోజుల్లో ఏడున్నరకి మ్యాచ్ మొదలవుతుంది, ఇంట్లో సీరియళ్లు సరేసరి. చిన్న ఛానల్‌కి ఇది బెంజ్ సర్కిల్‌లో సాయంత్రం ఏడింటికి బండి నడపడం లాంటిది. వెళ్లొద్దనను, కానీ గంటో గంటన్నరో ముందు, నాలుగున్నరకో ఐదుకో పెట్టి చూడండి. జనం వచ్చేసరికి మీ వీడియో సిద్ధంగా ఉంటుంది.

రాత్రి తొమ్మిదిన్నర తర్వాత కుర్రాళ్లది. సినిమా కబుర్లు, ఫోన్ల రివ్యూలు, ఉద్యోగాల కబుర్లు, గేమింగ్. కొంచెం పెద్ద వీడియో అయినా ఓపిగ్గా చూస్తారు.

ఆదివారం గురించి అందరూ అడుగుతారు. ఆదివారం పొద్దున మనవాళ్లు మాంసం కొట్టు దగ్గరో, చేపల మార్కెట్లోనో ఉంటారు. నాన్‌వెజ్ వంట వీడియో ఆదివారం పదింటికి పెడితే ఆలస్యం, శనివారం మధ్యాహ్నం పెడితే ఆదివారం వంటకి పనికొస్తుంది. మిగతా రకాలకి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బాగుంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు చూస్తుంటే

కృష్ణా, గుంటూరు జిల్లాల ఛానల్ అన్నాక బయట దేశాల వాళ్లు తప్పకుండా ఉంటారు. పిన్ని ఛానల్ లెక్క తెరిచినప్పుడు మధ్యాహ్నంతో పాటు తెల్లవారుజామున కూడా చూసేవాళ్లు ఎక్కువగా కనిపించారు. అంత పొద్దున్నే మనవాళ్లు గోంగూర మటన్ చూడరు కదా అనుకుంటే, అది అమెరికాలో రాత్రి వంట వేళ.

మనకీ న్యూయార్క్‌కీ తేడా ఎండాకాలంలో 9 గంటల 30 నిమిషాలు, చలికాలంలో 10 గంటల 30 నిమిషాలు. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. డల్లాస్ అయితే ఇంకో గంట, కాలిఫోర్నియా అయితే మూడు గంటలు కలపాలి. అందుకే శనివారం పొద్దున ఆరున్నర నాకు చాలా ఇష్టమైన టైము. ఎండాకాలంలో ఆ వేళకి న్యూయార్క్‌లో శుక్రవారం రాత్రి 9 గంటలు, డల్లాస్‌లో 8, కాలిఫోర్నియాలో సాయంత్రం 6. వారం పని అయిపోయి సోఫాలో కూర్చునే సమయం. ఇక్కడేమో శనివారం రోజంతా ఇంకా ముందే ఉంది. ఒకే టైముకి రెండు ఊళ్ల వాళ్లూ దొరుకుతారు.

గల్ఫ్ వాళ్లకి ఇంత లెక్క అక్కర్లేదు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, కువైట్, సౌదీ రెండున్నర గంటలు వెనక. మన రాత్రి తొమ్మిదిన్నర అంటే దుబాయ్‌లో ఎనిమిది, కువైట్‌లో ఏడు. సెలవు రోజులు మాత్రం చూసుకోండి. కువైట్, సౌదీల్లో శుక్ర, శనివారాలు సెలవు. దుబాయ్‌లో 2022 నుంచి శని, ఆదివారాలు.

అయితే బయటివాళ్లు ఎంతమంది ఉన్నారో చూడకుండా వాళ్ల కోసం టైము మార్చొద్దు. స్టూడియోలో దేశాల జాబితా ఉంటుంది. వందలో ఐదుగురు కూడా లేకపోతే ఈ లెక్క వదిలేసి మన ఊరి టైమే చూసుకోండి.

మీ లెక్క మీ ఫోన్లోనే ఉంది

యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్‌కి వెళ్లి, ఆడియన్స్ అనే చోట కిందికి జరిపితే ఊదారంగు గళ్ల పట్టిక కనిపిస్తుంది. వారంలో ఏడు రోజులు, ఒక్కో రోజుకి గంటలు. గత 28 రోజుల్లో మీ వీడియోలు చూసేవాళ్లు యూట్యూబ్‌లో ఎప్పుడెప్పుడు ఉన్నారో చెప్తుంది. రంగు ఎంత ముదిరితే అంతమంది. టైము మన గడియారం ప్రకారమే ఉంటుంది. దాన్ని చూసి చాలామంది బాగా ముదిరిన గడిలోనే పెడతారు. నేను దానికి రెండు గంటల ముందు పెట్టిస్తాను. జనం వచ్చేసరికి వీడియో అన్ని క్వాలిటీల్లో తయారుగా ఉండాలి, ముందు చూసిన కొద్దిమంది వల్ల అది ఎవరికి నచ్చుతుందో యూట్యూబ్‌కి కొంత తెలిసి ఉండాలి అని నా ఉద్దేశం.

క్వాలిటీ అన్నాను కదా, ఒక తప్పు నా చేతుల మీదుగానే జరిగింది. ఒక నగల షాపు వీడియో. సాయంత్రం ఐదుకి పెడతామని మాటిచ్చి, ఐదింటికే అప్‌లోడ్ పూర్తిచేసి వెంటనే పబ్లిక్ చేశాను. యూట్యూబ్ ముందు తక్కువ క్వాలిటీ తయారుచేస్తుంది, హెచ్‌డీ, 4కే తర్వాత వస్తాయి. మొదట చూసినవాళ్లకి హారాల మీద రాళ్లు మసక మసకగా కనిపించాయి. "ఫోకస్ పోయింది" అని వ్యాఖ్యలు. మంచి కెమెరాతో రెండు రోజులు తీసిన పని అది. ఇప్పుడు ఏ వీడియో అయినా ముందురోజు రాత్రే అప్‌లోడ్ చేసి షెడ్యూల్‌లో పెడతాను. కాపీరైట్ పరిశీలన కూడా ఆలోగా అయిపోతుంది. పాట మీద ఏదైనా అభ్యంతరం వస్తే మార్చుకోవడానికి రాత్రంతా ఉంటుంది.

వెంటనే పెట్టడమా, షెడ్యూలా, ప్రీమియరా?

వెంటనే పెట్టడం ఆకుకూరకే. మిగతా అన్నింటికీ షెడ్యూల్ మంచిది. షెడ్యూల్ పెట్టేటప్పుడు ఏఎం, పీఎం రెండుసార్లు చూసుకోండి. మధ్యాహ్నం రెండుకి బదులు తెల్లవారుజామున రెండుకి వెళ్లిపోయిన వీడియోలు మా గదిలో చూశాను.

ప్రీమియర్ అంటే ముందే లింకు ఇచ్చి, ఫలానా టైముకి అందరూ కలిసి చూసేలా పెట్టడం. రిమైండర్ పెట్టుకున్నవాళ్లకి అరగంట ముందు ఒకసారి, మొదలైనప్పుడు ఒకసారి నోటిఫికేషన్ వెళ్తుంది. పక్కన చాట్ నడుస్తుంది. షార్ట్ ఫిల్మ్‌కి, పాటకి, ఎదురుచూసే ఇంటర్వ్యూకి చాలా బాగుంటుంది. తీసినవాళ్లు ఆ టైముకి చాట్‌లో కూర్చుని సమాధానాలివ్వాలి. కూర్చోలేమంటే వద్దు. వందమంది కూడా ఎదురుచూడని ఛానల్‌కి ప్రీమియర్ వద్దనే చెప్తాను. ఖాళీ చాట్ చూసి మనసు చిన్నబుచ్చుకున్న పిల్లలు నాకు తెలుసు. ప్రీమియర్‌కీ లైవ్‌కీ మాత్రం మ్యాచ్ టైము, పెద్ద సినిమా ట్రైలర్ టైము తప్పకుండా తప్పించండి.

ఒకేరోజు ఐదారు వీడియోలు కుమ్మరించడం కూడా మంచిది కాదు. ఒక ఛానల్ నుంచి ఒక సబ్‌స్క్రైబర్‌కి 24 గంటల్లో మూడుకి మించి కొత్త వీడియో నోటిఫికేషన్లు యూట్యూబ్ పంపదు. గంట (బెల్) గుర్తు నొక్కినవాళ్లకైనా అంతే.

షార్ట్స్‌కి గంట దాదాపు పట్టించుకోనక్కర్లేదు. అవి రోజుల తరబడి కొత్తవాళ్లకి కనిపిస్తూ ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కి, ముఖ్యంగా మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లే ఎక్కువగా చూసే చిన్న అకౌంట్లకి, వాళ్లు యాప్‌లో ఉండే టైము కొంత ఉపయోగపడుతుంది. ప్రొఫెషనల్ అకౌంట్ అయితే ఇన్‌సైట్స్‌లో ఆ గంటలు కనిపిస్తాయి. స్టోరీ, వాట్సాప్ స్టేటస్ 24 గంటలకి మాయమవుతాయి కాబట్టి అవి పూర్తిగా ఆకుకూర.

పరీక్షించి చూసేటప్పుడు

రెండు టైముల్లో ఏది మంచిదో తేల్చాలంటే ఒకే రకం వీడియోలు తీసుకోండి. ఆవకాయ ఒక టైముకి, ఉప్మా ఇంకో టైముకి పెట్టి ఆవకాయ గెలిచిందంటే అది టైము గొప్ప కాదు. నాలుగు వారాలు మధ్యాహ్నం, నాలుగు వారాలు సాయంత్రం పెట్టి, ఒక్కోదాని మొదటి 48 గంటలు రాసుకోండి. అనుకోకుండా బాగా వెళ్లిన ఒకదాన్ని లెక్కలోంచి తీసేయండి. తేడా కొంచెమే అయితే మీకు ఏది సులువో అదే పెట్టుకోండి.

ఛానల్ కొత్తది, పట్టికలో ఇంకా ఏమీ కనిపించడం లేదు అనేవాళ్లు మీ వీడియో ఎవరి కోసమో ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. టైలరింగ్ నేర్పిస్తుంటే పక్కింటి టైలరు దగ్గరికి, వ్యవసాయమైతే ఊళ్లో బాబాయి దగ్గరికి. ఫోన్ ఎప్పుడు చూస్తారని అడగడమే కాదు, ఒక పూట పక్కన కూర్చోండి. అడిగితే "ఎప్పుడైనా చూస్తా" అంటారు. కూర్చుంటే ఫోన్ ఎప్పుడు చేతిలోకి వస్తుందో మీకే కనిపిస్తుంది.

రోజు తప్పకుండా పెట్టడం మంచిదేనా అని కూడా అడుగుతారు. మంచిదే, కానీ ముందు మీ కోసం. గురువారం అని పెట్టుకుంటే మంగళవారం షూటింగ్, బుధవారం ఎడిటింగ్ అని పని దానంతటదే సర్దుకుంటుంది. గురువారం వచ్చేసింది కదా అని సగం చేసిన వీడియో మాత్రం పెట్టకండి. ఒక వారం ఆగితే ఎవరూ అలగరు.

పిన్ని ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నం ఒకటిన్నరకి ఒకటి, శనివారం పొద్దున ఆరున్నరకి ఒకటి పెడుతోంది. మంగళవారానిది ఇక్కడివాళ్ల కోసం, రోజువారీ కూరలు. శనివారానిది అక్కడివాళ్ల కోసం, ఫ్రిజ్‌లో వారం నిలవుండే పొడులు, పచ్చళ్లు, ఒక్కోసారి అక్కడ దొరికే కూరగాయలతో పప్పు. మొన్న ఫిబ్రవరిలో నా గదికి వచ్చి, పాత ఆవకాయ వీడియోకి కొత్త థంబ్‌నెయిల్ అడిగింది. జాడీ మూత తీసి, ఎర్రటి నూనె పైకి తేలుతున్న ఫొటో ఒకటి తెచ్చింది. "ఎన్ని కాయలకి ఎంత కారమో పైనే పెద్దక్షరాల్లో రాయిరా, కొనేముందే కనపడాలి" అంది.